గేటుకీ గుమ్మానికీ మధ్య

ఇంటి నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

నీకు,

పైన ఏమని రాయాలో తెలియక పావుగంట కూర్చున్నాను. చివరికి "నీకు" అని రాశాను. తప్పైతే దిద్దుకో.

వెళ్లేరోజు నువ్వు ఫోన్ చేయొద్దన్నావు. "మీరు ఫోన్లో ఊ కొడతారు తప్ప మాట్లాడరు. ఆ ఊ వింటే నాకున్న కాస్త ఓపికా పోతుంది. చేతనైతే ఉత్తరం రాయండి" అన్నావు. రెండు నెలలు ఆలోచించి ఇవాళ కాగితం తీశాను. బస్సు రివర్సు తీయడం కన్నా ఇది కష్టంగా ఉంది. వెనక నిలబడి "రానీ, రానీ" అని చెప్పడానికి కండక్టరు లేడు.

అసలు సంగతి చెబుతాను. పెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడి, ఇంటి ముందు జాగా వైపు చూస్తూ నువ్వు ఇంకో మాట కూడా అన్నావు. "ఇది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమంటోంది" అని. ఇవాళ నేను గేటు బయటికి వెళ్లి, ఎవరో కొత్తవాళ్ల ఇల్లు చూసినట్టు చూశాను. నీ ప్రాణం ఉసూరుమనడంలో తప్పులేదు. నడుమెత్తు పిచ్చిమొక్కలు. డిపో నుంచి ఎప్పుడో తెచ్చి పడేసిన మూడు టైర్లు, వాటి నిండా వాననీళ్లు. పగిలిన డ్రమ్ము. స్ప్రింగులు పైకి లేచిన బస్సు సీటు ఒకటి. కుడివైపు తొమ్మిదేళ్ల కింద మోకాలెత్తు లేచి ఆగిపోయిన ఆ మొండిగోడలు, వాటి మీద తీగలు. పోస్టు తెచ్చే మనిషి గేటు దగ్గరే నిలబడి ఉత్తరాలు లోపలికి విసిరేస్తాడు. పాపం, అతన్ని ఇన్నాళ్లూ బద్ధకస్తుడు అనుకున్నాను.

కుట్టు నేర్పే పనని నువ్వు పది నెలలకు వెళ్లావు. ఆ తర్వాత వస్తావా అని అడిగితే "చూద్దాం" అన్నావు. నా బుర్ర ఆ "చూద్దాం" దగ్గరే ఆగిపోయింది. ఇంకా ఎనిమిది నెలలున్నాయి. ఈలోగా ఆ జాగా బాగు చేయిస్తాను. నువ్వు గేటు తీసేసరికి ఇది మన ఇల్లేనా అనుకోవాలి.

వస్తావు కదా?

ఇట్లు,
నేనే


శిక్షణ కేంద్రం హాస్టలు, రెండో అంతస్తు,
బుధవారం

డ్రైవరు గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరే రాశారా అని ఒకసారి, ఎవరితోనైనా రాయించారా అని ఇంకోసారి, మూడోసారి ఊరికే. కండక్టరు లేడన్న చోట పైకే నవ్వాను. పక్కగది లెక్కల టీచరు తలుపు తీసి చూసింది. పెళ్లయిన పదకొండేళ్లలో మీరు నాతో ఒక్క పూటలో ఇన్ని మాటలు మాట్లాడిన గుర్తు లేదు.

ఇక్కడ ఇరవై రెండు మంది అమ్మాయిలకి బట్టలు కత్తిరించడం నేర్పుతున్నాను. గుడ్డ మీద సుద్దగీత గీయమంటే చాలు, వాళ్ల చేతులు వణుకుతాయి. "తప్పయిపోతే ఎలా టీచరుగారూ?" అంటారు. "అందుకేగా ముందు పాత పేపరు మీద కోయిస్తున్నాను, ఇక్కడ ఎన్ని తప్పులైనా చేయండి" అంటాను. ఇంట్లో ఎవరూ వాళ్లతో ఆ మాట అనలేదేమో, నా వైపు వింతగా చూస్తారు. నాకు వాళ్లంటే ముద్దొస్తోంది.

నా గదిలో ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ ఉన్నాయి. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ. సాయంత్రం అయిదింటికి ఆ గోడ మీద కాసేపు ఎండ పడుతుంది. మీరు డ్యూటీ దిగి వచ్చి, గుమ్మం ముందు ఒక చెప్పు తిన్నగా ఒక చెప్పు బోర్లా వదిలే వేళ అది. ఆ బోర్లా పడ్డ చెప్పు తిరగేయకుండా నాకు లోపల పని తోచేది కాదు. ఇక్కడ ఆ వేళకి చేతులు ఖాళీగా ఉంటాయి.

జాగా బాగు చేయిస్తానన్నారు, సంతోషం. మీ ఆరంభశూరత్వం నాకు కొత్త కాదు కాబట్టి ఇప్పుడే ఎగిరి గంతేయను. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను. ఏం చేయబోతున్నారో చేసేముందు నాకు రాయండి, చేశాక కాదు.

వస్తావు కదా అని అడిగారు. దానికి ఈ ఉత్తరంలో జవాబు లేదు. ఉంటే రాసేదాన్ని.

ఇట్లు,
మీ ఇంటి టైలరు


డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది,
రెండో ట్రిప్పుకి ముందు

టైలరు గారికి,

నా ఆరంభశూరత్వం అన్నావుగా, విను. మొక్కలన్నీ కొట్టేశాం. టైర్లు పోయాయి, డ్రమ్ము పోయింది. సీటు మాత్రం పోలేదు. మా అక్కయ్య దాని మీద దుప్పటి పరుచుకుని కూర్చుని మాకు పనులు పురమాయిస్తోంది.

అవును, అక్కయ్య వచ్చింది. రమ్మని నేను చెప్పలేదు. నేను కొడవలి పట్టానని ఎవరి ద్వారా విందో, శనివారం పొద్దున్నే సంచీతో దిగింది. గేటు తీయగానే, "ఒరేయ్, ఇది ఇల్లా, అడివా? నా మరదలు వెళ్లిపోయిందంటే వెళ్లిపోదుట్రా? దారి దొరికింది కాబట్టి వెళ్లింది, అదృష్టవంతురాలు!" అంది. వీధి వీధంతా విన్నది.

నీ తమ్ముణ్ణి నేనే పిలిచాను. అరుగు అంచు పగిలింది, దారికి రాళ్లు పరవాలి, మేస్త్రి చెయ్యి పడకపోతే కాదు. తాపీ, తాడు, తూకంగుండు సంచిలో వేసుకుని వచ్చాడు. గేటు నుంచి గుమ్మం దాకా దారి నేను సున్నంతో గీశాను. అది చూసి, "బావా, ఇది దారా, బస్టాండా?" అన్నాడు. గేటు దగ్గర మలుపు అంత వెడల్పు తీశానని తర్వాత అర్థమైంది. ఇరవయ్యేళ్ల అలవాటు, చెయ్యి మాట వినలేదు. చెరిపి మళ్లీ గీశాం.

మిగతా సంగతి నీకు చెప్పను. చేసేముందు రాయమన్నావు, తెలుసు. నీ తమ్ముడు కూడా మూడుసార్లు అడిగాడు, "అక్కకి చెప్పావా బావా?" అని. ముందే చెబితే ఇంక సంబరమేముంది అన్నాను. వాడు తల గోక్కున్నాడు.

అక్కయ్య వంట చేస్తోంది, కడుపు నిండుతోంది. ఆవిడ టీ తాగదు. అయినా టీ పెట్టేటప్పుడు నీళ్లు రెండు గ్లాసులవే పోస్తున్నాను. రెండో గ్లాసు కాసేపు అలా ఉంచి, చల్లారాక నేనే తాగేస్తాను. అక్కయ్య చూసి ఒక్కమాట కూడా అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఎంత పెద్ద విషయమో నీకు తెలుసు.

బస్సుకి వేళయింది. నువ్వు వచ్చే రోజు చెబితే సెలవు పెడతాను.

ఇట్లు,
నేనే


శిక్షణ కేంద్రం, కుట్టు గది,
శుక్రవారం, భోజనాల వేళ

శ్రీవారికి,

నవ్వకండి, ఎప్పుడూ రాయని మాట రాశాను. ఇవాళ రాయాలనిపించింది.

తమ్ముడు తాపీ, తాడు, తూకంగుండు పట్టుకుని వచ్చాడని చదవగానే గుండె ఝల్లుమంది. గోడ లేపేటప్పుడు నిలువు చూసే తూకంగుండు అరుగు అంచుకి ఎందుకండీ? నాకు అర్థమైంది. ఏం అర్థమైందో రాయను. మీరు అంత ముచ్చటగా దాచుకున్న సంబరాన్ని నేనెందుకు చెడగొట్టాలి? తొమ్మిదేళ్లు అడిగే ఓపిక లేక ఊరుకున్నాను కానీ, లోపల ఒక్కరోజు కూడా ఊరుకోలేదు. అంతవరకే చెబుతాను.

మీకు చెప్పని సంగతి ఒకటుంది. పోయిన నెల ఇక్కడి ప్రిన్సిపాల్ గారు పిలిచి, ఇంకో రెండేళ్లు ఉండమని అడిగారు. వచ్చే వారంలోగా చెప్పాలి. మీకు రాస్తే మీరు బెంగపడతారని రాయలేదు. కాదు, నిజం చెబుతాను. ఉండాలని ఉందేమోనని నాకే భయమేసి రాయలేదు. ఇప్పుడు ఆ భయం పోయింది. సోమవారం వెళ్లి, నాకు ఇంటి దగ్గర పని ఉందండీ అని చెప్పేస్తాను.

నిన్న ఇక్కడ బస్టాపులో ఒక డ్రైవరు దిగి ముందు అద్దం తుడుచుకుంటున్నాడు. వెనక నుంచి మెడ, భుజాలు అచ్చం మీలాగే ఉన్నాయి. అతను ఇటు తిరిగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తిరిగాడు, ఎవరో పరాయి మనిషి. నేనెక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది, హాస్టలు దాకా నడిచే వచ్చాను. ఇంటి మీద ఇంత బెంగ ఉందని నాకే తెలియదు.

పని ఎంతవరకు వచ్చిందో రాయండి. మా వదినకి నా మాటగా చెప్పండి, ఎండలో ఎక్కువసేపు కూర్చోవద్దని.

ఇట్లు,
మీ
నేను


ఇంటి నుంచి,
సోమవారం

టైలరు గారికి,

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని రెండురోజులు బండి నడిపాను. అర్థమైందన్నావు చూడు, అక్కడ నాకు ఆశ్చర్యమేసింది. ఎంత దాచినా నీ దగ్గర దాగదు. సరే, ఇంక దాచేదేముంది, పని పూర్తయింది. ఫోటో పెడుతున్నాను.

మొండిగోడలు తీసేశాం. నీ ప్రాణం తీసినవి అవే కదా. రెండురోజులు పట్టింది. గోడ పైకి కనిపించేది మోకాలెత్తేగానీ, పునాది నడుం లోతుంది. నీ తమ్ముడు అప్పట్లో అంత గట్టిగా కట్టాడు. గునపం నేనే వేశాను. వాడు వేయనన్నాడు. సొంత చేతిపని మీద మమకారం కాబోలు అనుకున్నాను. వచ్చిన ప్రతి ఇటుకనీ గీకి, కడిగి, ఇంటి పక్కన పేర్చి పట్టా కప్పాడు. "ఎందుకురా అవి?" అంటే "ఉండనీ బావా" అన్నాడు.

గోతులు పూడ్చి, మట్టి చదును చేసి పచ్చగడ్డి పరిచాం. గడ్డి అంచున గులాబీలు ఎనిమిది, దారికి రెండువైపులా బంతి. బంతి నారు అక్కయ్య తాడు పెట్టి నాటింది, ఒక మొక్క వరస తప్పితే పీకి మళ్లీ నాటింది. పాత సీటుకి కొత్త రెక్సిన్ కొట్టించి ప్రహరీ గోడవారన వేశాం, సాయంత్రం ఇద్దరం కూర్చోవచ్చు. పోస్టు తెచ్చే మనిషి మొన్న గుమ్మం దాకా నడిచి వచ్చి నీ ఉత్తరం చేతికిచ్చాడు. మంచినీళ్లు కూడా తాగాడు.

ప్రిన్సిపాల్ గారికి చెప్పేశావా? ఏ రోజు బయలుదేరతావో రాయి.

ఇట్లు,
నీ డ్రైవరు


హాస్టలు,
శనివారం

డ్రైవరు గారికి,

ఉత్తరం అందింది. ఫోటో కూడా అందింది. గులాబీలు బాగున్నాయి. మా వదిన వరస చక్కగా పెట్టింది.

సోమవారం ప్రిన్సిపాల్ గారు ఊళ్లో లేరు. గురువారం కలిశాను. రెండేళ్లు ఉంటానని చెప్పాను.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
(సంతకం)


ఇంటి నుంచి,
తేదీ గుర్తులేదు

నీకు,

మళ్లీ "నీకు" దగ్గరికే వచ్చాను.

నీ ఉత్తరం అక్కయ్యకి చూపించాను. చదివి, కళ్లజోడు తీసి, "చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావు కదరా" అంది. అర్థం కాలేదన్నాను. నీ తమ్ముణ్ణి పిలిపించింది. వాడు గుమ్మం దగ్గరే నిలబడి, "అది అక్క గది బావా" అన్నాడు. అంతే అన్నాడు. "మరి గునపం వేస్తుంటే ఎందుకు చెప్పలేదురా?" అంటే, "అక్కకి చెప్పావా అని మూడుసార్లు అడిగాను కదా" అన్నాడు.

నాకు తెలియదని రాస్తే అబద్ధమవుతుంది. అది నీ కుట్టుగది అని నాకు తెలుసు. వీధివైపు తలుపు, తలుపు పక్కన పెద్ద కిటికీ, కిటికీ కింద మిషను. సుద్దతో నేల మీద నువ్వే గీశావు. మోకాలెత్తు లేచాక వచ్చే ఏడు చూద్దాం అన్నది నేను. ఆ "చూద్దాం" ముందు నాదే. ప్రతి ఏడూ అన్నాను. నువ్వు అడగడం మానేశాక, మరిచిపోయావులే అనుకున్నాను. మరిచిపోతే బాగుండునని ఉంది కాబట్టి అలా అనుకున్నాను.

ఎందుకు ఆపానో ఎవరికీ చెప్పలేదు. గోడలు లేస్తుండగానే వీధిలో ఆడవాళ్లు నలుగురు గేటు దగ్గరికి వచ్చి, టైలరుగారు ఎప్పుడు మొదలెడతారు అని అడిగారు. నువ్వు వాళ్లతో మాట్లాడుతున్నావు. నీ ముఖం వెలిగిపోతోంది. నేను డ్యూటీ దిగి వచ్చి పక్కనే నిలబడ్డాను, నువ్వు నన్ను చూడనేలేదు. రోజంతా ఎవరెవరినో ఎక్కించి దించి వచ్చే మనిషిని నేను. ఇంటికొచ్చేసరికి నువ్వొక్కదానివే నాకు దిక్కు. ఈ గది లేస్తే ఊరంతా వచ్చి కూర్చుంటుంది, ఇంక నా వంతుకి నువ్వు మిగలవని భయమేసింది. ఆ భయాన్ని భయమని ఒప్పుకోలేక "వచ్చే ఏడు" అన్నాను. నువ్వు నాకు మిగలాలని ఆపాను, చివరికి మిగలకుండా పోయావు.

నిన్న గడ్డి తవ్వి తీసేశాను. గులాబీలు తీసి గోడవారకి మార్చాను. నీ తమ్ముడు తాడు కట్టాడు. కొలతలు నువ్వు చెప్పు. తలుపు ఎంత, కిటికీ ఎంత, బల్ల ఎంత పొడుగు, అన్నీ రాయి. నువ్వు చెప్పినట్టే కడతాం, ఒక్క ఇటుక కూడా నా ఇష్టానికి పెట్టను. రా. వచ్చేయ్. ఇంతకన్నా ఎలా అడగాలో నాకు తెలియదు.

ఇట్లు,
నేనే


హాస్టలు, రెండో అంతస్తు,
ఆదివారం

డ్రైవరు గారికి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. ఆ తర్వాత చాలా కోపమొచ్చింది. రెండూ తగ్గాక రాస్తున్నాను, పూర్తిగా తగ్గలేదు.

ఆ భయం సంగతి అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే నేను నవ్వేసేదాన్ని. సాయంత్రం అయిదింటికి మిషను మూసేసేదాన్ని. మీ చెప్పుల చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చునే మనిషికి ఊరంతా వచ్చి కూర్చుంటే మాత్రం ఏమవుతుందండీ? మీరు చెప్పలేదు. నేను గుచ్చి అడగలేదు. నేను ముంగిలా ఊరుకున్నాను, మీరు రాయిలా ఊరుకున్నారు. తప్పు మీ ఒక్కరిదే అని రాయాలని కూర్చున్నాను, రాయబోతే కలం కదల్లేదు.

గడ్డి మళ్లీ పరిచేయండి. ఆ గది కట్టకండి. కోపంతో అనడంలేదు. నన్ను రప్పించడానికి కట్టే గదిలో నేను కూర్చోలేను, సూది పట్టినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. పైగా నాకిప్పుడు ఒక కుట్టుగది ఉంది. పొద్దున తాళం నేనే తీస్తాను. ఇరవై రెండు మందిలో పద్నాలుగు మందికి ఇంక చెయ్యి వణకడంలేదు. మిగతా ఎనిమిది మందిని వదిలి నేను రాలేను. మాట ఇచ్చాను, ఇష్టంగానే ఇచ్చాను.

మిమ్మల్ని వద్దనుకుని వచ్చానని మీరు అనుకుంటున్నారేమో. కాదు. వద్దనుకుంటే ఎంత సుఖంగా ఉండేది! పక్కగది లెక్కల టీచరుకి ప్రతి ఆదివారం మీ కథలే చెబుతాను. మీ బస్టాండంత దారి సంగతి చెబితే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

మీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి మళ్లీ చదివాను. ప్రతి దాంట్లోనూ నన్ను రమ్మన్నారు. నేను వచ్చి చూడడానికి మొక్కలు, నేను వచ్చి కూర్చోవడానికి సీటు, నేను వచ్చి కుట్టడానికి గది. నేనున్న ఈ ఊరు ఎలా ఉందని ఒక్కదాంట్లోనూ అడగలేదు.

ఇట్లు,
మీ టైలరు


డిపో, డ్రైవర్ల విశ్రాంతి గది,
మంగళవారం

టైలరు గారికి,

ఆ ఊరు ఎలా ఉంది?

ఎత్తుపల్లాల ఊరా, చదునా? మీ హాస్టలు నుంచి కేంద్రానికి ఎంత దూరం, ఎన్నో నంబరు బస్సు? సమయానికి వస్తుందా, నిన్ను ఎండలో నిలబెడుతుందా? వానాకాలం రోడ్లు ఎలా ఉంటాయి? లెక్కల టీచరు నా గురించి ఏమంది, నవ్వడం కాకుండా? నువ్వు సాయంత్రాలు ఏ వైపు నడుస్తావు? ఇవన్నీ ముందే అడగాల్సింది. తీరిగ్గా రాయి, నాలుగు కాగితాలైనా చదువుతాను.

గడ్డి మళ్లీ పరిచాం. ఈసారి నీ తమ్ముడు ఈల వేసుకుంటూ చేశాడు. అక్కయ్య ఇంక ఇక్కడే ఉంటానంటోంది. "ఈ మొక్కలకి నీళ్లు పోసేదెవరు, నువ్వా?" అంది. "నేను ఇక్కడ లేకపోతే పోస్తావా?" అని అడిగాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "నిక్షేపంగా పోస్తాను, వెళ్లు" అంది.

డిపో మేనేజరుని కలిశాను. మీ ఊరి డిపోలో డ్రైవర్లు తక్కువగా ఉన్నారట, బదిలీ అడిగితే దొరకొచ్చన్నాడు. దరఖాస్తు రాశాను. ఒకప్పుడైతే ఇచ్చేసి, చేతిలో పెట్టె పట్టుకుని నీ హాస్టలు మెట్ల మీద ప్రత్యక్షమయ్యేవాణ్ణి. సంబరం చేస్తున్నాననుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. నువ్వు వద్దంటే చింపేస్తాను, నెలకొకసారి వచ్చి చూసిపొమ్మంటే అలాగే చేస్తాను.

నేను రానా?